వానకంటే ముందు చీపురు

వేట నిషేధం యాభై మూడో రోజు.
ఏటిమొగలో బోట్లన్నీ గట్టెక్కి
పొట్టలు చూపిస్తూ పడుకున్నాయి.
నేను రంగులవాణ్ణి.
పాత రంగు గీకడం నా పని.
గీకింది ఎటు పోతుందో చూడ్డం
నా పని కాదనుకున్నాను
ఇరవై రెండేళ్లు.

ఎర్ర పొడి, నీలం పెచ్చులు,
అడుగున నత్తలు పట్టకుండా పూసే మందు రంగు.
నత్తల్ని ఆపేది పీతనెందుకు వదుల్తుంది?
డబ్బా మీద పుర్రె బొమ్మ నేనూ చూశాను.
పక్కన పెమ్మాడి వీర్రాఘవులు ఇంజను విప్పి
నల్ల నూనె ఇసకలోకి వొంపేవాడు.
"ఇసక తాగేస్తుంది లేవో."
ఇసక తాగదు, దాచుకుంటుంది.
తొలివాన వచ్చి చెయ్యి చాపితే
దాచిందంతా తీసిచ్చేస్తుంది.

ఈ మాట నాది కాదు, ధనకొండది.
ఓలేటి ధనకొండ,
ఎండుచేపల గంప దించేసి
రేవు ఊడ్చే పనికి కుదిరిన మనిషి.
నిరుడు తొలకరి తెల్లారి
మడ అడవికి పీతలకెళ్లిన మేనల్లుడు
ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు.
మడచెట్ల ఊపిరివేళ్ల చుట్టూ
జానెడెత్తున
ఒకటే నల్ల గీతట.
"ఎవరో కాటుక దిద్దినట్టుందత్తా" అన్నాడు పిల్లాడు.
అత్త నవ్వలేదు.

ఈ యేడు ఏప్రిల్లోనే మొదలెట్టింది.
అంబాజీపేట నుంచి కొబ్బరిపీచు,
వెనక్కొచ్చే ఖాళీ లారీలో, డ్రైవర్ని బతిమాలి.
గోతాల్లో కుక్కి, నోరు కుట్టి,
తూముల ముందు వరసగా పేర్చింది.
నీళ్లు పోతాయి, జిడ్డు ఆగుతుంది అంది.
వీర్రాఘవులికో డ్రమ్ము.
నాకో చిరుగుల టార్పాలిన్:
"దీని మీద గీకు.
బియ్యం చెరిగినట్టు చెయ్యాలి,
ఒక్క పెచ్చు కింద పడకూడదు.
మనం ఊడవకపోతే వాన ఊడుస్తుంది,
దానికి తెలిసిన చెత్తబుట్ట సముద్రమొక్కటే."
వినకపోతే?
వినకపోతే మా ఆవిడతో చెప్తానంది.
విన్నాను.

రేవు ఆఫీసు వాళ్లు కాగితం పంపారు,
కాలవలూ తూములూ బొమ్మ గీసి.
ఏడు తూములు. ఏడింటికీ గోతాలు.
మృగశిర ఇంకా రాలేదు, సాయంత్రానికే
ఆకాశం తారు డబ్బా మూతలా బిగుసుకుంది.
ఐసు ఫ్యాక్టరీ రేకుల మీద
మొదటి చుక్క టప్పుమంది.

ముగ్గురం టార్చిలైటుతో తిరిగాం.
ఒకటి, రెండు, మూడు.
నీళ్లు టీ రంగులో దిగుతున్నాయి. ఉత్త మట్టి.
ఆరు. ఏడు.
వీర్రాఘవులు బీడీ తీసి, వెలిగించబోయి ఆగాడు.
ఇంకెక్కడో నీళ్ల చప్పుడు.

ఎనిమిదోది.
కాగితంలో లేనిది.
వలలు కుట్టే షెడ్డు వెనక, పాత పలకల కింద,
ఎవరి తాతలు కట్టారో, ఇటుక తూము.
దాని నోట్లోంచి
ఎర్రగా.

గుర్తుపట్టాను. రంగులవాణ్ణి కదా.
గరికిన వాళ్ల బోటుకి
దానిమ్మగింజ ఎరుపే కావాలని పట్టుబట్టి వేయించుకున్నారు.
రెండేళ్ల కింద దాన్ని గీకి, టార్పాలిన్ లేని రోజుల్లో,
భోజనానికి ఆలస్యమవుతోందని
ఆ పలకల సందులోకే నెట్టేశాను.
చీపురు నాదే. చెయ్యి నాదే.

గోతాలు అయిపోయాయి.
షెడ్డులో చిరిగిన వలలు ఉండలు చుట్టి
తూము నోట్లో కుక్కి
వీపు ఆనించి కూర్చున్నాను, వాన వెలిసేదాకా.
సగం ఆగింది.
సగం నా నడుం పక్కనుంచి
చల్లగా పోయింది.
ధనకొండ టార్చి నా మొహం మీద వెయ్యలేదు.

పొద్దున్నే నా కుంచె అడిగి తీసుకుని
తడిసిన కాగితం మీద
ఎనిమిదో సున్నా తనే చుట్టింది,
కొంచెం వంకరగా.
ఇంకో వారం ఉంది వేట తెరవడానికి.
టార్పాలిన్ పరిచి గీకుతున్నాను.
పిల్లాడు బుట్ట తగిలించుకుని
మడ అడవి వైపు వెళ్లి చాలాసేపైంది.
ప్రతి పడవ చప్పుడుకీ
గీకుడు ఆపి చూస్తున్నాను.