ఒక గడి నాది

అట్ట మీద ముప్పై ఒక్క గడులు.
ఒకటి నా కూలి, మిగతా ముప్పై నీవి
అని చెప్పాను,
తకోరాడి బజారు చేపల వరసలో
తలమీది పళ్ళెం దింపకుండానే నిలబడ్డ పిల్లతో.

పేరు అరబా తవియా.
కవలల వెనక పుట్టినవాళ్ళకు పెట్టే పేరు.
పాలకైనా పక్కకైనా మూడో వంతుకు అలవాటుపడ్డ మనిషి
కొంగుముడి విప్పి యాభై సెదీలు ఇచ్చి,
నేను గీసిన అడ్డగీతను వేలితో రుద్ది చూసింది
చెరుగుతుందేమోనని.

"ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే కదా,
ఆ మూడు గడులూ ఎవరివి?"
పందొమ్మిదేళ్ళ పిల్ల అడిగింది.
ఊరంతా తిరిగి డబ్బు పోగుచేసేవాణ్ణి,
జవాబు తట్టలేదు.

మొదటి ఏడు ఆమె కోరిక ఒక కత్తి.
రెండో ఏడు, చేపలు పొగబెట్టే పొయ్యిలో సగం వాటా.
కత్తి కొన్నరోజు చూపించడానికి వచ్చింది,
పొయ్యి కొన్నరోజు రాలేదు, పనిలో పడిపోయి.

పెళ్ళయ్యాక రెండు అట్టలు.
నీలంది మొగుడికి తెలుసు.
పచ్చది నాకూ ఆమెకూ తెలుసు.
"దాచుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు, ఎబో.
ఒకటి రేపటికి. రెండోది ఎల్లుండికి."

గది అద్దె రెండేళ్ళది ఒక్కసారే కట్టమన్నారు, నీలం పగిలింది.
కూతురికి బడి బూట్లు, నీలం మళ్ళీ పగిలింది.
పచ్చది మాత్రం పచ్చగానే ఉంది,
దాన్ని నేను పగలగొట్టేదాకా.

ఎడారి దుమ్ము ఊరిమీద వాలిన నెల.
మా వాడికి జ్వరం.
ఆసుపత్రి కిటికీ దగ్గర నా సంచి విప్పాను,
నాది కాని డబ్బుకు నా చేతి చెమట అంటుకుంది.

నెలాఖరుకు వచ్చింది.
"మంగళవారం ఇస్తాను" అన్నాను.
"నేను పుట్టింది మంగళవారం.
ఆ రోజు మీద అబద్ధం ఆడకు."

రెండు మంగళవారాలు గడిచాయి.
ఆమె ఒక్క కేక వేసి ఉంటే
సాయంత్రానికి వరసంతా నా గుమ్మంలో ఉండేది.
వేయలేదు. చీకటి పడ్డాక వచ్చి
నా కట్టలోంచే కొత్త అట్ట ఒకటి లాగి
పైన నా పేరు రాసింది.
రోజుకు ఇంత. రోజూ తనే వచ్చి గీత గీసేది,
నేను గీసేదానికంటే పొడుగ్గా.

బాకీ తీరిన రోజు లెక్క చూసుకుంటే
ఒక గడి ఎక్కువ కట్టాను.
"అది నా కూలి" అంది, నవ్వకుండా.

తర్వాత ప్రభుత్వం నోటు మీద సున్నాలు కొట్టేసింది.
"నా నాలుగు సున్నాలు ఎక్కడ పెట్టావు?" అని
వారం రోజులు నాతో తగువు.
సున్నాలు పోయాయి గానీ
ఆ కొత్త నోట్లకీ అదే చేపల వాసన.

నలభై దాటాక డబ్బు ఇటుకలయ్యింది.
నెలకు పాతిక, ఒక్కో నెల పన్నెండు.
నడుమెత్తు గోడల మధ్య అయిదేళ్ళు గడ్డి మొలిచింది,
అమ్మ అంత్యక్రియలకు ఒక గది పోయింది,
కూతురి నర్సు చదువుకు వంటిల్లు పోయింది.
మిగిలిన ఒక్క గదికీ కప్పు వేసి
తాళంచెవి నాకు చూపించింది, మునుపటి కత్తిలాగే.

ఇప్పుడు అందరి సంచీ ఫోనే.
నా మోకాళ్ళకు అది మంచిదే.
ఆమె కూడా కళ్ళద్దాలు నుదుటికి తోసి
బొటనవేలితో డబ్బు పంపుతుంది.

అయినా మంగళవారం మంగళవారం
మా అరుగు మీదికి వచ్చి ఒక సెదీ పెడుతుంది.
దేనికి అంటే చెప్పదు.
అట్టమీద పేరు ఎవరిది రాయమంటావు అంటే
ఖాళీగా ఉంచమంది.

ఉంచాను.
వారానికి ఒక గీత. తొందరేమీ లేదు.
వచ్చేది ఫిబ్రవరి,
ఆ మూడు గడుల సంగతి
ఆమెకింకా చెప్పాల్సే ఉంది.