శివారు ముక్క

డెబ్భైరెండు ముక్కలు నా కట్టలో.
గుప్పిట్లో ఇమడవు.
కలపబోతే జారి
జిరాక్సు షాపు గచ్చంతా రెక్కలూ కోరలూ.
ముక్తేశ్వరం రేవు పక్కన ఆ షాపులో
వరసగా అయిదు ఆదివారాలు ఓడిపోయాను,
ఒకసారైతే
తెప్పించుకున్న టీ చల్లారక ముందే.

సలహాలకేం, కొబ్బరి డొక్కల్లా ఎక్కడ చూసినా కుప్పలే.
అరవైకి కొయ్యమన్నాడు విక్టరు, మిషను మీద మూత దించుతూ.
మంత్రాలు తీసేసి డాలువాళ్ళని పెట్టమంది లోవకుమారి.
నన్ను ఓడించిన ఎనిమిదో తరగతి కుర్రాడు మాత్రం
తన ముక్కలు సర్దుకుని, రబ్బరు బ్యాండు వేసి,
"అక్కా, నీకు డ్రాగన్లంటే ఇష్టం,
గెలవడమంటే కాదు" అని
సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాతోపాటే కాలవగట్టు మీద నడిచొచ్చింది.

లాకుల దగ్గర లస్కరు సువార్తరాజు గారు
గేజీ చూసి రిజిస్టర్లో రాసుకుంటున్నారు.
"ఏటి తల్లీ, మొహం అలా వాడిపోయింది?"
చెప్పాను.
ఆట ఆయనకి తెలీదు. పేకాటా కాదు, చదువూ కాదు.
ఒక ముక్క తీసుకుని ఎండకేసి పట్టుకుని
"మూలనున్న ఈ అంకె ఏటి?"
"దాన్ని దింపడానికి అన్ని చుక్కలు కావాలండి."
"వంతుకెన్నొత్తాయి?"
"ఒకటి."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.
లాకు రాతి మీద తువ్వాలు పరిచి
అంకెల ప్రకారం ముక్కలు పేర్చడం మొదలెట్టారు,
గాలికి ఎగరకుండా తలుపు తిప్పే ఇనప చువ్వ అడ్డం పెట్టి.
ఒకట్లు మూడు.
రెండ్లు నాలుగు.
ఏడు, ఎనిమిది వచ్చేసరికి తువ్వాలు చాల్లేదు.

"ఆయ్, ఇదేం ఊరమ్మా!
ఊరంతా శివారే.
తలకాలవ దగ్గర ఒక్క చేనూ లేదు.
నీ నీళ్ళు అక్కడికి చేరేసరికి
అవతలోడు కోతలు కోసి కుప్పలేసుకుంటాడు."

దాళవాలో వంతులవారీ పెట్టిన ఏడు
శివారు రైతులు రాత్రిపూట గునపాలతో వచ్చి
తలుపు లేపబోయిన సంగతి చెప్పారు.
"నీ డ్రాగన్లకి గునపాలు లేవు గాబట్టి సరిపోయింది."

పొద్దు వాలేదాకా తీశాం.
పొగ కక్కేవి రెండు, మంచు కక్కేవి మూడు,
పేరు మాత్రమే గొప్పవి ఏడు.
మొత్తం పన్నెండు పోయాయి.
ఇంకో ఆరు పెద్దవాటి చోట
నేను డబ్బాలో పడేసిన చిన్నోళ్ళు రావాలన్నారు,
దీపం పట్టుకునే కుర్రాడు, కప్పల కాపరి,
పుట్టగానే పనిలోకి దిగేవాళ్ళు.

ఆఖరికి చేతిలో మిగిలింది ఉప్పుటేటి రాణి.
తొమ్మిది చుక్కలు.
"ఇదెప్పుడన్నా పండిందా?"
"ఒక్కసారీ లేదండి."
తీసెయ్యమంటారని నేనే చెయ్యి చాచాను.
ఆయన ఇవ్వలేదు. చాలాసేపు చూశారు,
ఆ చీర అంచున గీసిన మడచెట్లనీ, పీతల్నీ.
"ఉండనీ. ఒక్కటే గదా.
శివారనేదే లేకపోతే
మరి నేనిక్కడ కూచుని ఏం లెక్కెట్టాలి?"

తీసేసిన వాటిలో ఒక మంచు డ్రాగన్ని అడిగి తీసుకుని
కిందటి వరద గేజీ రాసిన పేజీలో గుర్తుగా పెట్టుకున్నారు.

ఆదివారం మళ్ళీ ఆడాను.
గెలిచానని రాస్తే బాగుండును.
దీపం కుర్రాడు పడిపోయాడు, కప్పలు అయిపోయాయి,
విక్టరు రాణిని చూసి నెత్తి కొట్టుకున్నాడు.
అయినా ఎనిమిదో వంతు దాకా నిలబడ్డాను.
ఎనిమిది చుక్కలు వరసగా నా ముందు,
రాణి నా చేతిలో.

కుర్రాడు ముక్క వెయ్యబోయి ఆగాడు.
నా మొహం చూశాడు, నా చుక్కలు లెక్కెట్టాడు,
మళ్ళీ లెక్కెట్టాడు.
రేవులో పంటు కూత పెట్టి వెళ్ళిపోయింది.
వాడింకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

బల్ల మీద నా టీ
మీగడ కట్టింది.