అలుగు

మూడు రోజులైంది
లింగమూర్తి నాతో మాట్లాడి.
కంచం తనే కడుక్కుంటున్నాడు,
చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు
కాలరు మాత్రం మర్చిపోయి.

తప్పు నాదే.
చుట్టాల ముందు
"అల్గు కాదండీ, అలుగు" అన్నాను.
నవ్వుతూనే అన్నాను.
ఇరవై ఏళ్లుగా హుస్సేన్ సాగర్ నీటిమట్టం
రాత్రీ పగలూ రాసుకునే మనిషితో.

హిమాయత్‌నగర్‌లో మా నిఘంటువు ఆఫీసు,
కింద జిరాక్స్ సెంటర్, పైన మేము.
ఈ నెల నా వంతు అకారం చీటీలు.
ఇవాళ, ఏం చోద్యమో, అదే మాట.

అలుగు: కినియు, కోపగించు.
అలుగు: బాణపు ములికి.
అలుగు: ఒళ్లంతా పొలుసుల జంతువు, ముట్టుకుంటే ఉండ చుట్టుకుంటుంది.
అలుగు: నిండిన చెరువులోంచి మిగులు నీరు పొర్లే చోటు.

ఒక తల్లి పిల్లలా, దారిన కలిసిన నలుగురా?
"రుజువు లేదమ్మా, విడివిడిగా వెయ్యి"
అన్నారు సుగుణావతి గారు, కళ్లజోడు తియ్యకుండా.
ఆవిడకేం,
గోడవైపు తిరిగి ముడుచుకున్న ఆ వీపును
ఆవిడ చూడలేదు.
నేనైతే పొలుసులు లెక్కపెట్టగలను.

పక్కింటి ఖాలిదా ఆపా తొంగిచూసింది:
"భాయ్ నారాజ్ అయిండా?"
ఆ మాట పుట్టుక తేలిక.
రాజీ, దాని ముందొక నా.
మన మాటకే ఊరూ పేరూ దొరకవు.

కోపం ఎవరి మీదైనా వస్తుంది,
కండక్టర్ మీద, కరెంటాఫీసు మీద.
అలగడానికి సొంత మనిషి కావాలి.

పెళ్లైన కొత్తలో
కవాడిగూడ వైపు తీసుకెళ్లి చూపించాడు:
"గండి వేరు, అల్గు వేరు.
గండంటే కట్ట తెగుడు.
అల్గంటే
కట్ట తెగకుండ నీళ్లకు ఇడిసిన తొవ్వ."
అప్పుడు దిద్దలేదు నేను.
చెప్పులు బురదైనాయని విసుక్కున్నాను, అంతే.

సాయంత్రం నుంచి వాన.
గొడుగు మర్చిపోయాడో, వదిలేశాడో,
తలుపు వెనకే ఉంది.
రెండు దాటాక ఫోన్.
ముందు నీళ్ల హోరు,
తర్వాత చాలాసేపటికి గొంతు:
"అల్గు వారుతున్నది."

"ఎంత ఎత్తున?" అన్నాను.
చెప్పాడు.
అడగనివి కూడా చెప్పాడు.

లైటు వేసి చీటీ తీశాను.
రూపాంతరం: అల్గు.
ప్రయోగం: అల్గు వారుతున్నది.
ఆధారం అన్నచోట ఆయన పేరు.
సుగుణావతి గారు కొట్టేస్తారేమో.
పెన్సిల్‌తో కాదు,
పెన్నుతోనే రాశాను.