ముగ్గుపిండి నక్ష

డిసెంబరు పొద్దు యాప్రాల్‌లో ఆలస్యంగా లేస్తుంది.
మంకీ క్యాపు, చాయ్ గ్లాసు, నేను,
చామంతుల నడుమ ముక్కాలి పీట.

ఈ ఏడు గులాబీలకు పొగరెక్కింది.
టమాట మొక్క మాత్రం చలికి ముడుచుకుని
అప్పు అడగడానికి వచ్చినవాడిలా గోడకి ఆనుకుంది.

నేలమీద ముగ్గుపిండితో నక్ష గీస్తున్నా:
ఇక్కడ షాబాదు బండల బాట,
అక్కడ వాన నీళ్లకి ఇంకుడు గుంత,
పంపు పక్క బురదలో మెట్టతామర.
లాన్ మాత్రం వద్దు.
మంజీరా నీళ్లన్నీ తాగి
ఒక్క పువ్వూ పూయదది.

"ఈ బండ సంగతేంది సార్?" ఎల్లేశం అడిగాడు.
మూలన ఏనుగు వీపంత రాయి.
పగలగొట్టేందుకు పోయినేడే బేరమాడాను,
కంప్రెసరువాడే రాలేదు.

అరచెయ్యి ఆన్చాను.
ఇటు రాత్రి మంచు తడి,
అటు అప్పుడే ఎండ వెచ్చన.
ఆ రెండూ కలిసేచోట
సగం మేలుకున్న తొండ.

గీసిన గీతను కాలితో చెరిపేశాను.
"బాట వంకరైతది సార్."
"కానీ."
"సరే, బండ మనకంటే ముందు దిగింది గదా కిరాయికి!"

ఇంకో పిడికెడు ముగ్గుపిండి కోసం
లోపలికి నడిచాను.