కారణం అనే గడి

టి.సి. కాగితంలో ఒక గడి ఉంది,
'బడి మానడానికి కారణం' అని.
హెడ్మాస్టరు పెన్ను మూత తీసి
నా మొగం చూస్తా ఉన్నాడు.

మూడో తరగతి కుళ్ళాయప్ప.
వెనక బెంచీ కూడా కాదు,
తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట.
గంట మోగితే చెవులు మూసుకుంటాడని
గంటకు ముందే పిల్లోళ్ళంతా
వాడి తట్టు తిరిగేవాళ్ళు, చూడ్డానికి.
'ఎవరూ కొట్టలేదమ్మా' అన్నాడు సారు.
నిజమే. ఎవరూ కొట్టలేదు.
రెండేండ్లు ఎవరూ ఏమీ చేయలేదు.

'సొంత కారణాలు' అని ఆయనే రాసి
ముద్ర గుద్దినాడు.

ఏడో తరగతి తప్పినదానివి
నువ్వేం చెబుతావే, అనింది మా వదిన ఓబులమ్మ.
దానికీ జవాబు లేదు నా దగ్గర.

తాడిపత్రిలో మా ఇంటికి నేలంతా పలకే.
అంచు విరిగిందని ఫ్యాక్టరీలో పక్కన పడేసిన నల్లబండలు
వాళ్ళ నాయన ఆటోలో తెచ్చి పరిచినాడు.
నీళ్ళలో వేలు ముంచి వాడు 'అ' రాస్తాడు.
'ఆ' రాసేలోపల 'అ' ఆరిపోతుంది.
ఎండాకాలం మా బడిలో తప్పులు నిలవవు.
ఒప్పులు కూడా.
'క'కు నెల పట్టింది.
తలకట్టు పెట్టకుండానే లేచిపోయేవాడు.

మధ్యాహ్నం చెనిక్కాయలు ఒలుస్తాం.
ఒంటి గింజది ఈ చాటలో, జంట గింజలది ఆ చాటలో.
మూడు గింజల కాయ దొరికిందంటే
చేతులు రెక్కలట్ల ఆడిస్తాడు.
అప్పుడు లెక్క ఆపేస్తాం.
రెక్కలు వాలినాకనే మళ్ళీ లెక్క.
బడిలో ఆ చేతుల్నే
కట్టుకోమనేవాళ్ళు.

అంతా బాగుందని చెప్పను.
పాలు పొంగి, పొయ్యి ఆరి,
వాడు తల గోడకేసి కొట్టుకునే దినాలున్నాయి.
ఒకసారి నేనే కొట్టినా,
బడిలో ఎవరూ కొట్టని బిడ్డను.
ఆ పొద్దు పాఠం లేదు.
ఇద్దరం బండ మీద చెరో మూల పడుకున్నాం.

రాత్రి సిమెంటు గూడ్సు పోతుంది.
గంటకు చెవులు మూసుకునేవాడు
రైలుకు మూసుకోడు, ఎందుకో.
చప్పుడంతా అయిపోయినాక
'యాభై ఎనిమిది' అంటాడు చీకట్లో.
పొద్దున్నించీ వాడు పలికిన మాట అదొక్కటే.
వాళ్ళ నాయన ఒకనాడు గేటు కాడికి పోయి
పెట్టెలు లెక్కబెట్టి వచ్చినాడు.
ఏమీ చెప్పలేదు.
కాళ్ళు కడుక్కోను పోయి
శానాసేపు తొట్టి కాడనే ఉన్నాడు.
కనురెప్పల మీద బండదుమ్ము
తడిసి ఉండింది.
నేను అన్నం పెట్టినా.
'యాభై ఎనిమిదే' అన్నాడు రెండో ముద్దకు.

నాలుగున్నరకు బడి వదుల్తారు.
వీధంతా సంచులు, సైకిళ్ళు, అరుపులు.
వాడు పాత సంచి భుజానికేసుకొని
వాకిట్లోకి పోయి నిలబడతాడు.
పోవాలనో,
వచ్చేసినట్లో.
'వచ్చినావా నాయనా' అంటా నేను, లోపల్నించి.
ఒక్కోదినం వస్తాడు.
ఒక్కోదినం, వీధి ఖాళీ అయ్యేదాకా
అట్లనే ఉంటాడు.