పలచన

స్టోక్‌లో గురువారం రాత్రి, వాన.
చేపల వేపుడు కొట్టు పైగదిలో
ఆరు మడత బల్లలు, తొమ్మిది దీపాలు.
మెట్లెక్కేసరికే నూనెవాసన
మన కోటుకంటే ముందు లోపలికొచ్చి కూర్చుంటుంది.

నా మొదటి సైనికుడు
బొటనవేలి కణుపంత పొడుగు.
సీసాలో ఎరుపు సీసాలో ఉన్నట్టే పులిమాను.
గుండీలు మునిగాయి. బెల్టు మునిగింది.
వీడికో మీసం ఉండేదని
పెట్టె మీది బొమ్మ చూస్తే గానీ తెలియలేదు.
కళ్లు పెడదామని ఊపిరి బిగబట్టాను,
ఒకటి గుడ్లగూబది,
రెండోది చెంప మీదికి జారింది.

ముప్పై ఏళ్లు లారీల కింద పడుకుని
గేర్‌బాక్సులు విప్పిన చేతులివి.
ఎంత బిగించాలో తెలుసు.
ఎంత వదలాలో ఎవరూ చెప్పలేదు.

పక్కబల్ల టెగన్, పదమూడేళ్లది,
వాణ్ణి దీపం కిందికి తెచ్చి తిప్పి చూసి
"జామ్‌లో పడ్డాడా?" అంది.
తప్పేముంది. పడ్డాడు.

గదంతా నవ్వితే నవ్వనిది విన్నీ మేచిన్ ఒక్కతే.
ఎనభై ఒకటి ఆవిడకి. మనవణ్ణి దింపడానికి వచ్చేది,
వాడు మానేశాక కూడా వస్తోంది.
పింగాణీ కార్ఖానాలో కప్పుల మీద గులాబీలు వేసేది,
డజనుకి ఇంతని కూలి.
బట్టీలు ఆరిపోయి అక్కడిప్పుడు కార్లు నిలుపుతున్నారు.

"నీళ్లు" అంది. "ఇంకా. ఇంకొంచెం. పాలంత.
మనిషి పలచనైతే లోకువ గానీ, నాయనా,
రంగు పలచనైతేనే మర్యాద."

కుంచె ముంచి, కాగితం మీద ఒకసారి తుడిచి,
మణికట్టుకి మణికట్టు ఆనించి పట్టుకోమంది.
వణుకు పోదట.
రెండు చేతులూ కలిసి వణుకుతాయట, అంతే.
కలిసి వణికితే గీత నిలుస్తుంది.

మొదటి పూత చూస్తే ఏడుపొచ్చింది,
చారలు చారలుగా
ఉతికి ఉతికి వెలిసిన బనియన్‌లా.
"ఆరనీ."
టీ తాగాను. కిటికీలో వాన చూశాను.
రెండో పూత. "ఆరనీ అన్నానా."
మూడో పూతకి, ఎక్కణ్ణుంచి వచ్చిందో,
ఎరుపు వచ్చి కోటు మడతల్లో కూర్చుంది.

ఆ పైన గోధుమరంగు నీళ్లు వదిలితే
వాటంతటవే వెతుక్కుంటూ పోయాయి
చంక కిందికి, కాలరు లోపలికి, వేళ్ల సందుల్లోకి.
మురికి ఎక్కడ చేరుతుందో
నాకంటే ఎవరికి తెలుసు, నా గోళ్లు చూడండి.
ఈ పనికి పనికొచ్చేదేదో
నా దగ్గర ముందే ఉందనిపించింది ఆ రాత్రి.

వారాలు లెక్కపెట్టలేదు, సైనికుల్ని లెక్కపెట్టాను.
నాలుగోవాడికి గుండీలు.
ఆరోవాడి బూట్లకి బురద, కావాలనే.
ఏడోవాణ్ణి అంతా అయ్యాక కింద పడేశాను, బాయొనెట్ విరిగింది.
తొమ్మిదోవాడు నన్ను చూశాడు.
కన్ను వేయకూడదు, మిగల్చాలి:
ముందు చీకటి, అందులో తెలుపు, తెలుపులో చుక్క,
ఆపైన చర్మం రంగుతో చుట్టూ మూసుకుంటూ రావాలి.
నేర్చేసుకున్నానని చెప్పను.
పదోవాడు మళ్లీ గుడ్లగూబే.

మొదటివాణ్ణి స్పిరిట్‌లో నానబెట్టి గీకేయమంది టెగన్.
గీకలేదు. ఆటలో వాణ్ణే ముందు వరసలో పెడతాను.
మొదటి పాచికకే పోతాడు, పాపం,
కళ్లు రెండూ రెండు దిక్కులకి తెరుచుకుని.

మార్చిలో విన్నీ రెండు గురువారాలు రాలేదు.
మూడోవారం వచ్చింది, కుడిచెయ్యి పిండికట్టులో.
మంచు మీద జారిందట. ఎవరూ ఏమీ అనకముందే
ఎడంచేత్తో కుంచె తీసుకుంది.
గోబ్లిన్ ఒకడు నిలువునా పచ్చరంగులో మునిగాడు.

"జామ్‌లో పడ్డాడా?" అన్నాను.
"బఠానీల్లో" అంది, కింది కొట్టువైపు గడ్డం చూపిస్తూ.
నవ్వుతోంది గానీ
ఆ ఎడంచెయ్యి గాల్లో ఒంటరిగా అదురుతోంది.
నీళ్లగ్లాసు ఆవిడవైపు జరిపాను.
"పాలంతా?" అంది.
"పాలంత" అన్నాను.

నా మణికట్టు తీసుకెళ్లి ఆవిడ మణికట్టుకి ఆనించాను.
ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు.
గోబ్లిన్ కనుబొమ్మ మీద
కొంచెం వంకరగా
ఒక గీత.