అరిగిన జత

నాగారం అవతల అమ్ముడుపోని వెంచర్.
రాళ్లు పేల్చి, చదును చేసి,
కోర్టు కేసు పడ్డంక వదిలేసిన జాగ.
ఆదివారం అక్కడ్నే మా ట్రక్కుల పందెం.
ట్రక్కులంటే నిజం ట్రక్కులే,
కాకపోతే సంకల పెట్టుకొని సిటీ బస్సెక్కొచ్చు.

ఆరున్నరకు మల్సూర్ ట్యాంకర్ తెచ్చి
ఒక చుట్టు నీళ్లు కొట్టిపోయిండు.
మొరం తాగినంత తాగింది.
తడి వాసన తగలంగనే
అందరి చేతులు ముళ్ల టైర్ల మీదికే పోయినయ్.

నేను వంగి బొటనవేలితోటి నేలను నొక్కిన.
కుషాయిగూడ డిపోల ఇరవైరెండేండ్లు
ఈ వేలే నా కొలువు.
బస్సు టైరు గాడిల పెట్టి
ఇంకెంత దూరం నడుస్తదో చెప్తుంటి,
గేజీ తర్వాతొచ్చి అవునంటుండె.
దోసకాయను గూడ గట్లనే నొక్కుతవని
మా అంజవ్వ ఇప్పటికీ నవ్వుతది.

పైన జిగట.
గోరెడు కింద పొడి.
దాని కింద రాయి,
ఈ ఊర్ల ఏడ తవ్వినా ఎదురొచ్చే రాయి.

టిఫిన్ డబ్బాల నాలుగు జతలు తెచ్చిన.
ముళ్లవి పిల్లి నాలుక లెక్క గరుకు.
మెత్త రకం ఒకటుంది, చెవి తమ్మె అంత మెత్తన,
మూల తిరిగేటప్పుడు నేలను ఇడిచిపెట్టదు,
నాలుగు రౌండ్లకే పలక మీది బలపం లెక్క అరుగుతది.
దాని ధరకు మా ఇంట్ల పది రోజుల కూరగాయలొస్తయ్.
గట్టి రకం కోఠి గల్లీల ఖుర్షీద్ అంటగట్టిండు,
గీరితే దానికేం గాదు, గోరే అరుగుతది.
నాలుగోది నిరుటిది.
ముళ్లు నువ్వుగింజలంత మిగిలినయ్.
పారేయబుద్ధి గాలేదు, అంతే.
దాచినప్పుడు దాంట్ల తెలివేం లేదు.

గాలి లేదు వీటిల.
అదే నాకు మొదట్ల మింగుడుపడలేదు.
ఇరవైరెండేండ్లు గాలి బయటికి పోకుండ కాపలా కాసినోణ్ని,
ఇప్పుడు లోపల స్పాంజి చుట్టి, రిమ్ముకు జిగురు పెట్టి,
నా చేతుల్తోనే సూదంత చిల్లులు పొడుస్తున్న,
దుంకి పడ్డప్పుడు ఊపిరి ఇడువాలె గదా అని.

"ముళ్లవే గదా అంకుల్?"
జోహ్రా. మౌలాలి పిల్ల, పాలిటెక్నిక్ చదువుతది.
రాత్రి కొత్త జత అతికించినట్టుంది,
రెండు వేళ్లకు జిగురు ఎండి మెరుస్తుంది.
"ఇప్పటికి ముళ్లవే. ఫైనల్‌కు కాదు.
ఎండొస్తే తొవ్వ గచ్చయితది.
గచ్చు మీద ముల్లు నిలవడదు, తూలుతది."
నమ్మలేదు.
నమ్మనట్టు గూడ కనపడలేదు.

పదింటికి ఎండ కుదిరింది.
మూలల కాడ నేల నల్లగ, నున్నగ,
రోజూ చేతులు పడే తలుపు గొళ్లెం లెక్క తేలింది.
వేలు చెప్పినట్టే అయ్యింది.
అరిగిన జత ఎక్కించిన. నాలుగు నట్లు.
పక్కకు చూస్తే జోహ్రా గూడ
ఏడికెల్లి తీసిందో, ఒక పాత జత బిగిస్తున్నది.

అప్పుడొచ్చింది ట్యాంకర్.
ఎవ్వలు పిలువలే.
"రెండు ట్రిప్పులకు పైసలిచ్చిన్రు గదా,
బాకీ ఉంచుకోను నేను" అని మల్సూర్
పైపు తిప్పి, ధర్మంగ,
ఒక్క మూల గూడ ఇడువకుండ
తొవ్వంత తడిపిండు.

విజిల్ పడ్డది.
గచ్చు మీద నీళ్లు పడితే సబ్బే.
రెండో మూల కాడ నా ట్రక్కు ఎల్లెలుకల పడ్డది,
దాన్ని తాకి జోహ్రాది.
ఎనిమిది టైర్లు ఆకాశం దిక్కు పెట్టి
ఆపుడు మర్సిపోయినట్టు గిర్రున తిరిగినయ్.
ఒక్కదానికీ చిటికెడు మట్టి అంటలేదు.

పిల్ల ఉరికింది గానీ ట్రక్కులెత్తలేదు.
కూసొని, జిగురు వేలితోటి నేల నొక్కింది.
"పైన జిగట, అంకుల్."
"కింద?"
ఇంకొంచెం నొక్కింది.
"కింద గచ్చే. మీరు చెప్పింది తప్పు గాదు."
ట్యాంకరాయన్ను గూడ ఒకపారి నొక్కి చూడాల్సుండె,
అన్న నేను.

రోడ్డు మీద మల్సూర్ హారన్ కొట్టుకుంట పోతుండు,
బాకీ తీరినోని లెక్క.